రెండో సంతకం

తొందరపెట్టేవాడిని నమ్మవద్దని నలుగురికీ చెప్పడం రఘురామ్ ఉద్యోగంలో సగభాగం. ఆ గురువారం పొద్దున అతనికే తొందరేమీ లేదు. పదిన్నరకల్లా ఒక చిన్న అప్‌డేట్ వదలాలి, మధ్యాహ్నం ఇంటికి పోయి భోంచేయాలి, నాలుగు గంటలకు భార్య సాహిత్యతో కలిసి జల్‌పల్లిలో అద్దె ఇల్లు చూడాలి. అప్‌డేట్ కూడా పెద్దదేమీ కాదు. తెర మీద అక్షరాలు చీమల్లా ఉన్నాయని పెద్దవాళ్ళు గొణుగుతుంటే వాటిని కాస్త పెంచాడు, అంతే.

అతను పనిచేసే కంపెనీ పేరు తిజోరి, అంటే ఇనప్పెట్టె. ఫలక్‌నుమాలో నగేష్ వెల్డింగ్ షాపు పైన రెండు గదులు. కింద గ్రైండర్ తిరిగితే పైన టీ గ్లాసులు గలగలమంటాయి. క్రిప్టో పైసలు దాచుకునే పెట్టెను జనం ఫోన్లలో పెట్టివ్వడం ఆ కంపెనీ పని. ఈ పైసలు చేతికి తగలవు, జేబులో మోగవు. బ్యాంకులో డబ్బు పోతే మేనేజరు గదిలోకి పోయి అరవవచ్చు. ఈ పెట్టెలోంచి పోతే అరవడానికి ఎవరి గదీ ఉండదు. అందుకే పెట్టె కంటే, పెట్టెకు తాళం మార్చే రోజు ముఖ్యం. అప్‌డేట్ అంటే అదే. తాళం మారుస్తానంటూ ఒక మనిషి గుమ్మంలోకి వస్తాడు. అతను మనవాడో దొంగో మొహం చూసి చెప్పలేం.

ఈ సంగతి ఖాతాదారులకు నూరిపోయడానికి రఘురామ్ ఒక పద్ధతి పెట్టాడు. దాని పేరు దొంగ పరీక్ష. నెలకొకసారి, ఆఫీసులో టీ పెట్టి గదులు ఊడ్చే మున్నీ అందరికీ ఫోన్ చేసి, "మీ పెట్టెకు చిల్లు వడ్డది, జల్ది గీ లింకు నొక్కుండ్రి" అని ఏడుపు గొంతుతో చెబుతుంది. నొక్కినవాళ్ళకు రఘురామ్ అరగంట పాఠం చెబుతాడు. నొక్కకుండా ఆఫీసుకు వచ్చి ఫిర్యాదు చేసినవాళ్ళకు ఉస్మానియా బిస్కెట్ల డబ్బా ఇస్తాడు. పాఠం సంగతి ఎలా ఉన్నా, బిస్కెట్ల సంగతి వాడవాడలా పాకింది. ఏడాది తిరిగేసరికి ఆరు వందల పైచిలుకు ఖాతాదారుల్లో ఒక్కరూ మోసపోని నెల వచ్చింది. నగేష్ వరసగా నాలుగు డబ్బాలు గెలిచాడు. ఒకసారి సొంత బావమరిది పెళ్ళి పిలుపుకు ఫోన్ చేస్తే, అదీ పరీక్షేనని పెట్టేశాడు. ఆ పెళ్ళికి వెళ్ళలేదు కూడా.

పాఠంలో ముఖ్యమైన మాటలు రెండే. తొందరపెట్టేవాడు దొంగ. పన్నెండు మాటలు అడిగేవాడు గజదొంగ. ఒక్కో పెట్టెకూ పన్నెండు రహస్యపు మాటలుంటాయి, అవి తెలిసినవాడిదే పెట్టె. "రేపు నేనే వచ్చి అడిగినా ఇవ్వొద్దు, నేనూ దొంగనే అనుకోండి" అని రఘురామ్ ప్రతిసారీ చివర్లో చేర్చేవాడు. అలా అన్నప్పుడు తన నిజాయితీ మీద తనకే ముచ్చటేసేది.

ఖాతాదారుల్లో రాహేలు అంటే అతనికి ప్రత్యేకమైన అభిమానం. ఆమె ఫలక్‌నుమా స్టేషన్లో టికెట్లిచ్చే ఉద్యోగి. తమ్ముడు డానియేలు ఓడల మీద వంటవాడు. ఏ రేవులో ఉంటే ఆ రేవు నుంచి, జీతంలో మిగిల్చింది ఈ దారిన పంపుతాడు. జల్‌పల్లిలో కొన్న అరవై గజాల జాగాలో ఇల్లు కట్టాలని అక్కాతమ్ముళ్ళు ఆరేళ్ళుగా కూడబెట్టినదంతా ఆ పెట్టెలోనే ఉంది. అందులో పెట్టమని సలహా ఇచ్చింది రఘురామే. "నీ మాట మీద పెడుతున్న తమ్మీ" అని ఆ రోజు ఆమె అన్నది గుర్తొచ్చినప్పుడల్లా అతనికి కాస్త గర్వంగా, కాస్త భయంగా ఉండేది.

తొమ్మిది నలభైకి ఈమెయిల్లో ఒక ఉత్తరం వచ్చింది. తిజోరి పెట్టెలో అన్నీ తిజోరివాళ్ళు చేసినవే కావు. తాళంలో ఒక ముఖ్యమైన భాగాన్ని ఎక్కడో ఐరోపాలో ఉండే యాన్ అనే కుర్రాడు రాసి, ఎవరైనా వాడుకోవచ్చని లోకానికి ఉచితంగా ఇచ్చాడు. మూడేళ్ళుగా అతనికీ రఘురామ్‌కూ ఉత్తరాలు నడుస్తున్నాయి. ఈ ఉత్తరం కూడా ఎప్పటి చిరునామా నుంచే వచ్చింది. "నా భాగంలో పెద్ద చిల్లు బయటపడింది. సాయంత్రానికల్లా దొంగలకు తెలిసిపోతుంది. బాగుచేసిన భాగం దీనితో పంపుతున్నాను. వెంటనే మార్చు. ఎవరికీ చెప్పకు" అని ఉంది. అడుగున మరో ముక్క ఉంది. "నా పాత ముద్ర పోయింది. కొత్త ముద్ర వేశాను, ఏమీ అనుకోకు." ఏ భాగం పంపినా ఇది నాదేనని చెప్పే ముద్ర ఒకటి దానిమీద వేయడం యాన్ అలవాటు. రఘురామ్ ఆ ముక్క కూడా చదివాడు. చదివి, పాపం ఎంత హడావిడిలో ఉన్నాడో అనుకున్నాడు.

ఖాతాదారులందరిలో ముందుగా రాహేలే కళ్ళ ముందు నిలిచింది. పెద్ద అక్షరాల సంగతి పక్కన పెట్టి, కొత్త భాగాన్ని పెట్టెలో బిగించి, పదకొండు కొట్టేసరికి తన సంతకం పెట్టేశాడు.

కానీ అతని సంతకం ఒక్కటే చాలదు. తిజోరి నుంచి ఏ అప్‌డేట్ బయటికి పోవాలన్నా రెండు సంతకాలు పడాలి. రెండోది జగన్నాథరావుగారిది. ఆయన కంపెనీ యజమానురాలు బిందుమాధవి తండ్రి. కాకినాడ నుంచి వచ్చి ముప్ఫై నాలుగేళ్ళు రిజిస్ట్రేషన్ ఆఫీసులో పనిచేసి, రిటైరై మొఘల్‌పురాలో ఉంటున్నారు. "మా నాన్నకు కంప్యూటర్ అంతగా రాదు. చదవకుండా సంతకం పెట్టడం అసలే రాదు" అంటూ ఆ పని ఆయనకు అప్పజెప్పి, బిందుమాధవి నిశ్చింతగా ఊళ్ళు తిరుగుతూ ఉంటుంది. ఆ పూట కూడా ఆమె విమానంలో ఉంది, ఫోన్ అందదు.

రఘురామ్ జగన్నాథరావుగారికి ఫోన్ చేశాడు. "సార్, అర్జెంటుగా మీ సంతకం కావాలి. తాళంలో చిల్లు పడింది."

"ఇది మీ దొంగ పరీక్షా, బాబూ?"

"కాదు సార్. నిజం."

"పరీక్షలోనూ నిజమనే చెబుతారు కదండీ."

"సార్, ఆలస్యం అమృతం విషం అన్నారు పెద్దలు."

"ఆ పెద్దలెవరూ రిజిస్ట్రేషన్ ఆఫీసులో పనిచేసి ఉండరు. కాగితాలు పంపండి, వరసలో చూస్తాను."

"ఎంతసేపు పడుతుంది సార్?"

"చదవడానికి ఎంతసేపు పడితే అంతసేపు" అని ఆయన ఫోన్ పెట్టేశారు.

రఘురామ్ కాగితాలు పంపి, కుర్చీలో కూర్చోలేక గదిలో పచార్లు చేశాడు. ఊరికే ఉండటమెందుకు, ఈలోగా ఖాతాదారులను సిద్ధం చేద్దామనుకున్నాడు. అక్కడే కొరివితో తల గోక్కున్నాడు. "అందరికీ ముఖ్య గమనిక. మీ పెట్టెకు చిల్లు పడింది. కాసేపట్లో అప్‌డేట్ వస్తుంది. రాగానే నొక్కండి, క్షణం ఆలస్యం చేయవద్దు" అని ఒక సందేశం రాసి అందరికీ పంపాడు. మున్నీ నెలనెలా చెప్పే మాటలే తన చేత్తో రాశానన్న ఆలోచన అతనికి తట్టలేదు.

ఐదు నిమిషాల్లో నగేష్ మెట్లెక్కి వచ్చాడు. చేతికి ఇంకా తోలు గ్లవ్ ఉంది.

"అన్నా, నా డబ్బా."

"ఏం డబ్బా?"

"బిస్కెట్లది. నేను నొక్కలే. గ్రూపుల అందరికీ జెప్పిన గూడ, భాయ్ ఈసారి పరీక్ష మస్తు కడక్ ఉన్నది, పైలమని."

"నగేష్, ఇది పరీక్ష గాదు. ఈసారి నిజం."

నగేష్ అతన్ని కింది నుంచి మీదికి చూసి మెచ్చుకోలుగా తలాడించాడు. "మొకానికి చెమట గూడ తెచ్చుకున్నవ్. మున్నీ కంటె నువ్వే నయం."

నగేష్ వెనకాలే టైలరు ప్రహ్లాద్ వచ్చాడు. అతని వెనక ఇంకో నలుగురు వచ్చారు. మెట్ల మీద వరస కట్టినవాళ్ళు, ఈ పూట ఎన్ని డబ్బాలున్నాయి, ముందొచ్చినవాళ్ళకేనా అని ఆరా తీస్తున్నారు. రఘురామ్ ఎంత గట్టిగా నిజమంటే వాళ్ళు అంత గట్టిగా నవ్వారు. అప్పటికే పన్నెండయింది. సాయంత్రానికల్లా అని యాన్ రాసిన మాట అతని తలలో సుత్తి దెబ్బలు వేస్తోంది.

మనిషి కంగారులో ఉన్నప్పుడు ఎదురుగా ఉన్నదేదైనా ఉపాయంలాగే కనిపిస్తుంది. అతని ఎదురుగా మున్నీ ఉంది.

"మున్నీ, అందరికీ ఫోన్ చెయ్యి. ఇది పరీక్ష గాదు, అసలుదే అని చెప్పు."

"నేనా సార్? నా గొంతు ఇంటేనే దొంగొచ్చిందంటరు."

"ఏడవకుండా మామూలుగా చెప్పు."

"ఏడ్వకుంటె ఇంక అనుమానం వడ్తరు సార్" అంటూనే ఆమె ఫోన్ అందుకుంది. ఇరవై మూడు మందికి చేసింది. పదిహేడు మంది ఆమె గొంతు వినగానే పెట్టేశారు. ఐదుగురు డబ్బా ఎప్పుడిస్తారని అడిగారు. చాంద్రాయణగుట్ట ముసలమ్మ ఒకావిడ మాత్రం చివరిదాకా ఓపిగ్గా విని, "ఈ నెల మంచిగ జేసినవ్ బిడ్డా, నిజమోలె ఉన్నది" అని దీవించింది.

ఒంటిగంట దాటినా జగన్నాథరావుగారి నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఆరు వందల మందిని కాపాడటం తన వల్ల కాదని రఘురామ్‌కు తెలిసిపోయింది. ఒక్కరినైనా కాపాడుకోవాలనిపించింది. రెండో సంతకం లేకుండా అప్‌డేట్ దానంతట అది ఎవరి ఫోన్‌కూ చేరదు. కానీ ఫోన్ చేతికి తీసుకుని, పాత పెట్టె తీసేసి, కొత్తది తానే ఎక్కించవచ్చు. కొత్త పెట్టె పనిచేస్తుందో లేదో చూసుకోవడానికి ఆ దారి ఉంది. అలా ఎక్కించాక, పెట్టె సొంతదారు పన్నెండు మాటలూ మళ్ళీ కొట్టాలి. ఇది తప్పని అతనికి తెలుసు. అయినా ఒక్క రాహేలక్క కోసమే కదా అనుకున్నాడు. మంచివాళ్ళు తప్పు చేసేముందు ఇలాగే ఒక పేరు తలుచుకుంటారు.

స్టేషన్లో ఒంటిగంట బండి వెళ్ళిపోయి జనం పల్చబడ్డారు. రాహేలు కౌంటర్ మూసి, టిఫిన్ డబ్బా విప్పుతోంది. రఘురామ్ రొప్పుతూ పోయి కిటికీ పట్టుకున్నాడు. అతని తల్లిదండ్రులది తెనాలి అయినా పుట్టి పెరిగింది ఇక్కడే కాబట్టి, కంగారులో అతని నోటికి వచ్చేది ఇక్కడి భాషే.

"అక్కా, నీ ఫోన్ ఇయ్యి. జల్ది."

"ఏమైంది తమ్మీ? కూసో ముందుగాల. నీళ్ళు తాగు."

"నీళ్ళొద్దు. పెట్టె పాతది తీసి కొత్తది ఎక్కించాలె. నువ్వు పన్నెండు మాటలు కొడితె చాలు, రెండు నిమిషాల పని."

రాహేలు డబ్బా మూత మళ్ళీ పెట్టేసింది. "నువ్వే అడిగినా ఇయ్యొద్దంటివి గద."

"అన్ననక్కా. గని ఇది గట్ల గాదు."

"ఇది గట్ల గాదు అంటరని గూడ నువ్వే జెప్పినవ్."

రఘురామ్‌కు దుఃఖం ఆగలేదు. ఆరేళ్ళ కష్టం, ఓడలో కూరగాయలు తరిగే డానియేలు, తన మాట, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. "నీ ఇల్లు పోతదక్కా. నా మాట మీద పెట్టినవ్. సాయంత్రం దాంక ఆగితె ఏం మిగల్దు" అని కిటికీ చువ్వల మీద తల ఆనించి ఏడ్చాడు. అది నటన కాదు. అతను పుట్టాక అంత నిజంగా ఎప్పుడూ ఏడవలేదు.

రాహేలు కిటికీకి దగ్గరగా వచ్చింది. ఆమె పెదవులు కదిలాయి, మళ్ళీ ఆగాయి. తర్వాత లేచి, ప్లాట్‌ఫారం మీద నిలబడ్డ రైల్వే కానిస్టేబుల్ కైలాసాన్ని పిలిచింది.

"సార్, గీయన దొంగ గాదు, మంచోడే. గని గిప్పుడు దొంగ లెక్క మాట్లాడుతుండు. జర కూసోబెట్టుండ్రి."

కైలాసం అతన్ని తన గదిలోకి తీసుకెళ్ళి బెంచీ మీద కూర్చోబెట్టాడు. ఫోన్ తీసుకుని బల్ల మీద బోర్లించాడు. పుస్తకం తెరిచి, "ఏం పని జేస్తవ్?" అని అడిగాడు.

"దొంగలను నమ్మొద్దని జనానికి చెప్త సార్."

కైలాసం కలం ఆపి ఒకసారి అతని మొహం చూశాడు. "మరి ఇయ్యాల సెలవా?"

ఎవరైనా తెలిసినవాళ్ళు వచ్చి చెబితే పంపిస్తానని కైలాసం అన్నాడు. రఘురామ్ జగన్నాథరావుగారి నంబరు చెబితే కైలాసం ఫోన్ చేశాడు. ఆయన అప్పటికే ఆఫీసుకు వచ్చి, రఘురామ్ స్టేషన్ వైపు పరిగెత్తాడని నగేష్ చెబితే ఇటే బయలుదేరారట. ఆటో దిగి, చంకలో పొడుగాటి రిజిస్టరుతో గదిలోకి వచ్చారు. రాహేలు కూడా ఆయన వెనకే వచ్చి గుమ్మంలో నిలబడింది.

"సంతకం పెట్టారా సార్?" అని రఘురామ్ లేచి నిలబడ్డాడు.

"లేదు" అన్నారు జగన్నాథరావుగారు. ఆయన బెంచీ చివర కూర్చుని, కళ్ళజోడు తుడుచుకుని, రిజిస్టరు తెరిచారు. "ఆ యాన్ అనే అబ్బాయి ముద్ర ఇందులో నా చేత్తో రాసుకున్నాను. అరవై నాలుగు అక్షరాలు. మీరు పంపిన దానిమీది ముద్రను స్కేలు పెట్టి, ఒక్కో అక్షరం దీనితో సరిచూశాను. కలవలేదు. ముద్ర మార్చానని ఉత్తరంలో ఉంది, అదీ చూశాను."

"అవును సార్. పోయిందట పాపం."

"నా సర్వీసులో సంతకం మారిందన్నవాళ్ళు చాలామంది వచ్చారండీ. కాగితం మీద చెబితే ఒప్పుకోను. ఆ మనిషినే పిలిపించేవాణ్ణి. ఈయన్ని పిలిపించలేను కదా, అందుకని ఫోన్ చేశాను. మూడేళ్ళ క్రితం మా అమ్మాయి అతనితో మాట్లాడిన నంబరు ఇక్కడ రాసుంది. అక్కడ అప్పుడే తెల్లారింది. పాపం నిద్దట్లోంచి లేచాడు."

"ఏమన్నాడు సార్?"

"ఏ ఉత్తరమూ రాయలేదన్నాడు. రెండు రోజుల నుంచి అతని చిరునామా ఎవడో లాక్కుని వాడుకుంటున్నాడట. పాత ముద్ర పోలేదు, అతని దగ్గరే భద్రంగా ఉంది. పాత భాగంలో చిల్లూ లేదు. చిల్లున్నది మీరు బిగించిన కొత్తదానిలోనట."

రఘురామ్ బెంచీ మీద కూలబడ్డాడు. పొద్దుటి నుంచి తాను ఊరందరినీ బతిమాలుకున్నది దొంగ తాళాన్ని పెట్టించుకొమ్మనని అతనికి మెల్లగా తెలిసివచ్చింది. తొందరపెట్టింది దొంగ. ఎవరికీ చెప్పొద్దన్నదీ దొంగే. ఏడాదిగా తాను చెప్పిన పాఠంలోని మొదటి మాట ఆ ఉత్తరంలోనే ఉంది, రెండోది తన నోటే వచ్చింది. ఊళ్ళో అందరూ గుర్తుపట్టారు, పాఠం చెప్పినవాడు తప్ప. సిగ్గుతో అతనికి తల ఎత్తబుద్ధి కాలేదు.

కైలాసానికి సంగతంతా అర్థం కాకపోయినా, పట్టుబడ్డ మనిషి దొంగ కాదనీ, దొంగ పని మాత్రం చేయబోయాడనీ తెలిసింది. అలాంటిదానికి తన పుస్తకంలో గడి లేదు కాబట్టి రాసింది కొట్టేసి, ఫోన్ తిరిగి ఇచ్చేశాడు.

జగన్నాథరావుగారు ఆటో కోసం బయటికి పోయారు. రాహేలు వచ్చి రఘురామ్ పక్కన కూర్చుంది.

"తప్పయిందక్కా" అన్నాడు అతను.

"నువ్వు ఏడుస్తుంటె ఇచ్చేద్దామనుకున్న తమ్మీ. మొదటి మాట నాలిక మీదికి గూడ వచ్చింది."

ఆమె ఆ ఒక్కటి అని ఉంటే మిగతా పదకొండూ ఆగేవి కావు. ఇల్లు, ఆరేళ్ళు, అన్నీ తన చేతుల మీదుగానే, తన కన్నీళ్ళతోనే పోయేవి. దొంగ ఎక్కడో కూర్చుని వేలు కూడా కదపనక్కర్లేకపోయేది.

"మరెందుకు ఇయ్యలే అక్కా? నా మీద నమ్మకం పోయిందా?"

"పోతె ఎప్పుడో తిట్టి పంపుదు. నమ్మిన గాబట్టే ఇయ్యలే. నువ్వు నేర్పింది నమ్మినంక, నువ్వు అడిగింది ఎట్లిస్త?" అని ఆమె టిఫిన్ డబ్బా విప్పి అతని ముందుకు జరిపింది. "తిను. పొద్దుగాల నుంచి ఏం తిన్నట్టు లేవు."

పప్పు, వంకాయ కూర. అతను తలదించుకుని తిన్నాడు. రెండు సంతకాలెందుకని కొత్తగా చేరినవాళ్ళు అడిగినప్పుడల్లా ఇంతకాలం అతను చెప్పిన జవాబు, దొంగ ఒక చోట దూరినా రెండో చోట ఆగిపోతాడనే. ఆ దొంగ బయటివాడే అయి ఉండాలని అనుకునేవాడు. మంచి మనసుతో, పరుగున, ఏడుస్తూ వచ్చే మనిషిని ఆపడానికి కూడా అది అవసరమని ఆ వంకాయ కూర తింటున్నప్పుడే తట్టింది. ఎవరినైనా నమ్మడమంటే వాళ్ళు అడిగిందల్లా ఇవ్వడం కాదని, ఈ సంగతి తనకంటే టికెట్లిచ్చే రాహేలుకే బాగా తెలుసని కూడా అనిపించింది. అలా అనిపించినందుకు బాధ కలగలేదు, మనసు తేలికపడింది.

ఇల్లు చూడటం రేపటికి మార్చమని సాహిత్యకు ఫోన్ చేసి, ఆఫీసుకు తిరిగి వెళ్ళి, బిగించిన దొంగ భాగాన్ని ఊడదీశాడు. ఏదీ దాచకూడదనుకున్నాడు. పొద్దున తాను ఎలా మోసపోయిందీ, జగన్నాథరావుగారు ఎలా ఆపిందీ, తన సందేశాన్ని నమ్మకుండా అందరూ ఎంత మంచిపని చేసిందీ జరిగింది జరిగినట్టు రాశాడు. క్షమించమని వేడుకున్నాడు. అచ్చుతప్పులు చూసుకుని, పైన మళ్ళీ "అందరికీ ముఖ్య గమనిక" అని పెట్టి, సాయంత్రం ఆరు గంటలకు ఖాతాదారులందరికీ పంపించాడు.

ఒక్కరూ దాన్ని తెరవలేదు.